పన్నెండుకు బదులు పదకొండు

అది మొదలైంది ఒక గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు. ఏ సంవత్సరమో నాకు తెలుసు గాని రాయను. రాస్తే మా ఊళ్లో మిగిలిన నలుగురైదుగురు ముసలివాళ్లు ఇది ఎవరి సంగతో ఇట్టే పోల్చుకుంటారు. గంట మాత్రం కచ్చితం. బస్సు దిగి, జీడితోటల మధ్య ఇసుక దారిలో నడిచి వచ్చిన సిస్టరమ్మ చేతికి గడియారం ఉంది. ఆడమనిషి చేతికి గడియారం చూడడం నాకు అదే మొదలు. ఆమె మొహం కంటే ముందు ఆ ముళ్లు చూశాను.

ఇన్నేళ్లకు ఇది రాయడానికి కారణం మరో సిస్టరమ్మ. కిందటి నెల, మంచి కాపరి ఆదివారం పూజ అయ్యాక, ఒక చిన్న వయసు సిస్టరు మా ఇంటికి వచ్చింది. ఆడపిల్లలతో మాట్లాడి, మఠ జీవితం మీద ఇష్టం ఉన్నవాళ్లను ప్రోత్సహించడం ఆమె పని. మంచినీళ్లు తాగి, "అమ్మా, ఈ చుట్టుపక్కల చాలా ఊళ్ల నుంచి ఒకరో ఇద్దరో మఠంలో ఉన్నారు. మీ ఊరి నుంచి ఇంతవరకు ఒక్కరూ రాలేదు. మీరు టీచరుగా చేశారు, అన్నిటికీ లెక్క రాసి పెట్టుకుంటారని విన్నాను. కారణం ఏమై ఉంటుంది?" అని అడిగింది. తెలియదన్నాను. ఆమె వెళ్లిపోయింది. ఆ ప్రశ్న మాత్రం పనస జిగురులా పట్టుకుని వదల్లేదు.

ఆ గురువారం నాటికి నాకు పద్నాలుగేళ్లు. చెల్లికి ఎన్నేళ్లో తర్వాత చెబుతాను. జరిగిందంతా ఆ అంకె దగ్గరే జరిగింది.

మా నాన్న కవిటి వైపు ఒక ఆసామి జీడితోటకు కాపలా ఉండేవాడు. తోట చివర, కొబ్బరి చెట్ల వరస పక్కన మా ఇల్లు. వేసవి వస్తే పులిసిన జీడిపండ్ల వాసన, పిక్కలు కాల్చిన పొగ, మగ్గిన పనస వాసన, మూడూ కలిసి గుడ్డలకు పట్టేవి. ఎన్నిసార్లు ఉతికినా పోయేవి కావు. మా వాడలో పదకొండు కుటుంబాలు క్రైస్తవులం. గుడి అంటే ఒక తాటాకు పాక, అందులో ఒక బల్ల, ఒక మరియమ్మ బొమ్మ. టెక్కలి నుంచి ఫాదరు నెలకు రెండు ఆదివారాలు వచ్చి పూజ చేసేవారు. మిగతా ఆదివారాలు మా ఊరి ఉపదేశే జపాలు చెప్పించేవాడు.

నాకొక నోటుపుస్తకం ఉండేది. ఫాదరు వచ్చిన రోజులు, మేక ఈనిన రోజు, తుపానుకు ఇంటికప్పు లేచిపోయిన రోజు, మామ్మ ముందు పన్ను ఊడిన రోజు, అన్నీ అందులో రాసేదాన్ని. నేను పుట్టక ముందువి మామ్మను అడిగి, ఏ పండక్కి ముందో ఏ కోతలకు తర్వాతో కనుక్కుని, వెనక్కి లెక్క కట్టి రాసేదాన్ని. అమ్మానాన్నలకు చదువు రాదు. చెల్లి మూడో తరగతిలో మానేసి అమ్మతో పాటు పిక్కలు కొట్టడానికి కూర్చుంది. ఇంట్లో ఎవరి వయసు కావాలన్నా, ఎవరికి ఉత్తరం రాయాలన్నా నేనే. ఆ గొప్ప నాకు బాగా ఉండేది.

చెల్లికి ఏ గొప్పా లేదు. అయినా పిక్కలు కొట్టే పాకలో ఆడవాళ్లు దాన్నే పక్కన కూర్చోబెట్టుకునేవారు. అది పాడుతుంది, వాళ్ల నడకలు నడిచి చూపించి నవ్విస్తుంది. జీడిరసం అంటి తోలు ఊడిన వేళ్లతోనే ఆ ఆడవాళ్లు దాని బుగ్గలు పుణికేవారు. నేను వెళితే, "పంతులమ్మొచ్చినాదర్రా, సరిగ్గా కూకోండి," అనేవారు. సరిగ్గా కూర్చునేవారు కూడా. నాకు కావలసింది అది కాదు.

సిస్టరమ్మది కేరళ. మన భాషను జపాల పుస్తకంలోంచి నేర్చుకుందేమో, మాట్లాడితే పుస్తకం చదివినట్టే ఉండేది. ఉపదేశి ఇంట్లో దిగింది. పొద్దున్న జపం, మధ్యాహ్నం పునీతుల కథలు, సాయంత్రం పాటలు. తొమ్మిదిమంది ఆడపిల్లలం. మర్నాడు, శుక్రవారం, కుమ్మరి దగ్గర కొన్న తొమ్మిది చిన్న పిడతలు తెచ్చి మరియమ్మ బొమ్మ కింద వరసగా పెట్టింది.

"దేవుని కొరకు మీరు వదులుకున్న ప్రతి చిన్న దానికీ మీ పిడతలో ఒక జీడిపిక్క వేయండి. ఏం వదులుకున్నారో ఎవరికీ చెప్పకండి," అంది.

ఆ సాయంత్రమే ఇంకో మాట కూడా చెప్పింది. ఈ ఏడు వాళ్ల మఠంలో ఒక్క అమ్మాయికి చోటుంది. టెక్కలిలో సిస్టర్ల దగ్గర ఉండి చదువుకుంటుంది. పెద్దయ్యాక దేవుడు పిలిచాడని తనకే అనిపిస్తే మఠకన్య అవుతుంది. పిక్కలకూ ఆ చోటుకూ సంబంధం ఉందని సిస్టరమ్మ అనలేదు. నేనే ముడి వేసుకున్నాను. ఎక్కువ పిక్కలున్న పిల్లకు ఆ చోటు అని నాలో నేనే తీర్మానించుకున్నాను.

ఇక మొదలుపెట్టాను. పనసతొన చేతిలోకి వచ్చాక తిరిగి పెట్టేస్తే ఒకటి. ఎండలో కాలే ఇసుక మీద మోకాళ్లూని ఒక మంగళవార్త జపం చెబితే ఒకటి. పులుసులో ముక్క వదిలేస్తే ఒకటి. చెల్లి జడ లాగినప్పుడు తిరిగి కొట్టకపోతే ఒకటి. అది రోజుకు నాలుగుసార్లు లాగేది, కాబట్టి అక్కడే నాలుగు.

"పనసతొనొద్దంతన్నాది, ముక్కొద్దంతన్నాది. దీనికి ఒంట్లో బాగుందేటే?" అని మామ్మ నా నుదురు పట్టి చూసింది. నేను బదులు చెప్పలేదు. చెప్పనందుకు ఒకటి.

పదో రోజు మధ్యాహ్నం గుడి పాక వెనక నుంచి పొగ వచ్చింది. పరుగెత్తి వెళ్లాను. చెల్లి ఎండు కొబ్బరాకు మంట మీద కుండపెంకు పెట్టి పిక్కలు కాలుస్తోంది. జీడిరసం చిటపటమని ఎగురుతోంది. చుట్టూ మరో అయిదుగురు గుంటలు గొంతుకూర్చుని ఉన్నారు. పక్కనే చెల్లి పిడత, బోర్లించి ఉంది.

"ఒలే! ఏటి సేత్తన్నావే? అయి త్యాగాలే!"

"త్యాగాలు సేసీసినాను కదక్కా. ఇంక పిక్కలేటి సేసుకుంటాది మరియమ్మ? బొమ్మకి పళ్లు నేవు కదా," అని నల్లబడ్డ పెదాలతో నవ్వింది. రాయితో ఒక పిక్క పగలగొట్టి వేడివేడి పప్పు నా వైపు చాపింది. "ఇదిగో, నీకు గుండుది."

ముక్క కాకుండా నిండుగా వచ్చిన పప్పును గుండు అంటాం. దాని వాసనకు నోట్లో నీళ్లూరాయి. తీసుకోలేదు. లోపలికి వెళ్లి నా పిడతలో ఒక పిక్క వేశాను.

లెక్క రోజు శనివారం. లెక్కపెట్టే పని నేనే అడిగి తీసుకున్నాను. చాప మీద ఒక్కో పిడతా బోర్లించి, పది పది కుప్పలు పోశాను. నావి రెండు వందల పద్నాలుగు. పదిహేను రోజులకు రోజుకు పద్నాలుగు చొప్పున, పైన నాలుగు. ఉపదేశి కూతురివి నూట ముప్ఫై ఒకటి. చెల్లివి ఏడు, అందులో ఒకటి కాలింది.

"ఇంతేనా?" అని సిస్టరమ్మ చెల్లిని అడిగింది.

చెల్లి తల గోక్కుని, "ఇంకా ఉండీవి సిస్టరమ్మా. కాల్సుకు తినీసినాం," అంది.

"ఎంతమంది తిన్నారు?"

"నాతో ఆరుగురు. అక్కకిచ్చినాను, తిన్నేదు."

నాకు లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. సిస్టరమ్మ చెయ్యి చాపి, "నాకు ఒకటి కూడా ఉంచలేదా?" అంది. చెల్లి పరికిణీ బొడ్డు మడత విప్పి, మసి అంటిన గుండుపప్పు ఒకటి తీసింది. ఎప్పటి నుంచి దాచిందో! సిస్టరమ్మ దాన్ని తుడవకుండా నోట్లో వేసుకుని నమిలింది. ఆమె పళ్లు నల్లబడ్డాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వారు. నా ముందు ఇరవై ఒక్క కుప్పలు, పైన నాలుగు పిక్కలు.

నా దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "నీకు లెక్క చాలా చక్కగా వచ్చు. నీవు ఉపాధ్యాయురాలివి అవుతావు," అంది. ముప్ఫై నాలుగేళ్లు ఆ ఉద్యోగమే చేశాను. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఆ రోజు మాత్రం చెంపదెబ్బలా తగిలింది.

సాయంత్రానికి కబురు ఇంటికి చేరింది. సిస్టరమ్మకు చెల్లి కావాలి.

మామ్మ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుని రాగం తీసింది. "ఓలమ్మా, మొగుడొద్దు, పిల్లలొద్దు, తెల్లసీర కట్టుకుని ఈ గుంట టెక్కలెల్లిపోతే నా కాళ్లెవులు పిసుకుతారే?"

"పెద్దది నేదేటి?" అంది అమ్మ, బియ్యం చెరుగుతూ. "పెద్దది పిసుకుతాది."

నాన్న చుట్ట ఆర్పి, "దేవుడు అడిగితే మనం ఇవ్వమంటామేటి? ఎల్లనీయండి," అన్నాడు. అది ఒప్పుకోవడమే. అన్నం తినేటప్పుడు అమ్మ చేప నడిమి ముక్క చెల్లి కంచంలో వేసింది. ఎన్నడూ లేనిది. నేను తోక ముక్క తింటూ ఆ కంచాన్నే చూశాను.

ఆదివారం సాయంత్రం అయిదున్నరకు సిస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. మామ్మ నులక మంచం వాల్చింది. సిస్టరమ్మ ఒళ్లో ఒక కాగితం పెట్టుకుని కలం తీసింది. పేరు రాసింది, తండ్రి పేరు రాసింది. తర్వాత వయసు దగ్గర ఆగింది.

"పన్నెండు నిండి ఉండాలమ్మా. మా పెద్దలు పెట్టిన నియమం. బడిలో అడిగాను, అక్కడ పిల్లలందరికీ జూలై ఒకటో తేదీయే వేసి ఉంది. అది నమ్మలేను. ఈమె ఎప్పుడు పుట్టింది?"

జ్ఞానస్నానం పుస్తకం చూద్దామన్నా కుదరదు. మా ఇంటిల్లిపాదికీ ఒకే రోజున ఇచ్చారు. అందులో ఉన్నవి నాన్న నోటికి వచ్చిన వయసులు.

అమ్మ ఆలోచించింది. "పనసకాయలు దింపినప్పుడు పుట్టినాది సిస్టరమ్మా. ఏ ఏడో మరి సెప్పలేను. పెద్దదాని పుస్తకంలో అన్నీ ఉంటాయి. ఒలే, తెచ్చి సూడు."

లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చాను. నాలుగో పేజీ, పైనుంచి ఆరో వరస. చెల్లి పుట్టిన రోజు, సంవత్సరం, నా చేతిరాతలో. పన్నెండేళ్లు నిండి ఒక నెల అయింది. నా వేలు ఆ వరస మీదే ఉంది. కళ్లు ఆ అంకె మీదే ఉన్నాయి.

"పదకొండేళ్ల ఒక నెల," అని చదివాను.

సిస్టరమ్మ పుస్తకం అడగలేదు. పేజీ వైపు కూడా చూడలేదు. నా లెక్క మీద ఆమెకు అంత నమ్మకం. కలం మూతపెట్టి నిట్టూర్చింది. చెల్లి వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టబోయి, తేలక మానేసింది.

ఇప్పుడు నన్ను అడుగుతుందనుకున్నాను. నాకు పద్నాలుగు. చోటు ఒకటి ఉంది. పిక్కలు రెండు వందల పద్నాలుగు. వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాను.

సిస్టరమ్మ చెల్లి గడ్డం పట్టుకుంది. "అయితే ఈ ఏడు ఈ చోటు ఖాళీగానే ఉండనీ. వచ్చే మే నెలలో నీ కొరకే వస్తాను. ఉంటావా?"

"ఇంకో ఏడే కదా. ఉంటాను," అంది చెల్లి.

నన్ను తీసుకెళ్లడం కంటే ఖాళీ చోటే మేలనుకుంది. ఆ మాట ఇప్పటికీ నాకు అలాగే వినిపిస్తుంది. సోమవారం పొద్దున్న ఆమె బస్సెక్కింది. ఆ రోజు నుంచి నేను చెల్లితో మాట్లాడడం మానేశాను.

గొడవ పడలేదు. తిట్టలేదు. ఒక్క మాట లేదు, అంతే. ఒకే చాప మీద జానెడు ఎడం పెట్టి పడుకునేదాన్ని. అది ఏదో అడిగితే అమ్మకు జవాబు చెప్పేదాన్ని. వాడలో వాళ్లు దాన్ని అప్పుడే "సిస్టరమ్మ" అని పిలవడం మొదలుపెట్టారు. "సిస్టరమ్మా, మా కోసం జపం సెయ్యీ," అని ఎగతాళిగా అంటూనే మొదటి గుండుపప్పు దాని చేతిలో పెట్టేవారు. అది మామ్మ కాళ్లు పిసుకుతూ లాటిన్‌లాగా ఉండే ఏవో పాటలు కల్పించి పాడేది. మామ్మ పగలబడి నవ్వేది. నేను వీపు తిప్పి చదువుకునేదాన్ని. ఆ ఏడు తరగతిలో మొదటిదాన్ని. ఎవరూ నడిమి ముక్క వెయ్యలేదు.

చాలాసార్లు చెల్లి నా ముందుకు వచ్చి కూర్చునేది. "అక్కా, ఒకటి సెప్తాను," అనేది. నేను లేచి వెళ్లిపోయేదాన్ని.

మళ్లీ మే నెల వచ్చింది. చెల్లి తలకు నూనె రాసుకుని, రోజూ మధ్యాహ్నం ఇసుక దారి మొదట్లో కూర్చునేది. ముప్ఫై ఒక్క రోజులూ కూర్చుంది. ఆఖరున ఉపదేశి టెక్కలి వెళ్లి కనుక్కుని వచ్చాడు. సిస్టరమ్మను ఉత్తరాదిన ఎక్కడో అడవి ప్రాంతానికి పంపేశారు. ఆమె స్థానంలో వచ్చినావిడకు మా ఊరి సంగతే తెలియదు. జూన్ ఒకటో తేదీ పొద్దున్న కూడా చెల్లి దారి దగ్గరే ఉంది. నేను వెళ్లి, "రా, గంజి తాగు," అన్నాను. అదే మళ్లీ మొదటి మాట. అది వచ్చి తాగింది.

ఆ వానాకాలంలో నాన్న కొబ్బరి చెట్టు మీంచి పడి నడుం పోగొట్టుకున్నాడు. చెల్లి పలాసలో జీడి బట్టీకి పనికి వెళ్లింది. పదిహేడో ఏట మేనత్త కొడుక్కి ఇచ్చి చేశారు. ఇద్దరు పిల్లలు. ఆ బావ కిడ్నీ జబ్బుతో పోయాడు. ఇప్పుడు చెల్లికీ అదే.

నేను పాపసంకీర్తనం చెయ్యకపోలేదు. మా చిన్నప్పుడు పాపంతో పాటు ఎన్నిసార్లో కూడా చెప్పాలని నేర్పారు. ఫాదరు ముందు మోకరించి, "అబద్ధం, ఒకటి," అన్నాను. అంకె సరిగ్గానే చెప్పాను. ఏ అబద్ధమో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు వేశారు. చెప్పేశాను. తీరలేదు.

చిన్న సిస్టరు వచ్చి వెళ్లిన తర్వాతి మంగళవారం పలాస వెళ్లాను. వారానికి రెండుసార్లు చెల్లికి అక్కడ రక్తం శుద్ధి చేస్తారు. గొట్టాలు తగిలించి ఉన్నాయి. పక్క మంచం ముసలాయన దాన్ని "వొదినా" అంటున్నాడు, నర్సమ్మాయి దాని దుప్పటి రెండుసార్లు సర్దింది. నాకు స్టూలు చూపించినవాళ్లు లేరు. నేనే వెతుక్కుని కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాలుగో పేజీ, ఆరో వరస, పన్నెండు, పదకొండు.

చెల్లి నా వైపు తిరిగింది.

"అయితే నాకప్పటికి పన్నెండు నిండిపోనాయా?"

"నిండిపోయాయి."

"నాను ఎల్లిపోయుందును."

"ఎల్లిపోయుందువు."

కళ్లు తుడుచుకుంది. నన్ను తిడుతుందని చూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

"నాకూ ఎల్లాలనే ఉండీదక్కా," అంది. "కానీ నువ్వు గుడెనకాల కూకుని ఏడిసీదానివి కదా, నాను సూసినాను. సిస్టరమ్మకో ఉత్తరం రాయిద్దారనుకున్నాను. 'నాకొద్దు, మా అక్కని తీసుకెల్లండి' అని. ఉత్తరం రాసీది ఇంట్లో నువ్వే. నీ కాడికి ఎన్నిసార్లొచ్చినాను! నువ్వు మాటాడితే కదా."

"ఇంకెవరి చేతనైనా రాయించకపోయావా?"

"నీ సంగతి నీ సేతే రాయించాలనుకున్నాను. నువ్వు రాస్తే తప్పుండదు కదా," అంది.

నర్సు వచ్చి టైం అయిందంది. చెల్లి నా చేతిని వదల్లేదు. ఆ క్షణంలో నాకు దుఃఖం కంటే ముందు ఏం వచ్చిందో నిజం రాస్తాను. ఇక్కడా అదే నా కంటే మంచిదైపోయింది కదా, అనిపించింది. ఈ వయసులో, ఆ మంచం పక్కన, ముందు వచ్చింది అసూయే. ఏడుపు బస్సులో, పలాస దాటాక వచ్చింది.

చిన్న సిస్టరుకు జవాబు బాకీ ఉన్నాను. పోయినవి వరసగా రాస్తున్నాను. చెల్లి వయసులో ఒక ఏడు. టెక్కలి మఠంలో ఒక చోటు. రాయకుండా పోయిన ఉత్తరం ఒకటి. చెల్లితో మాట్లాడని రోజులు మూడు వందల డెబ్బై ఏడు. మా ఊరి నుంచి వెళ్లగలిగినవాళ్లు ఇద్దరు. వెళ్లినవాళ్లు లేరు.